ఆస్ట్రోనాట్, వ్యోమగామి, గగనయాత్రి: ముగ్గురూ ఒకరేనా?

నేను మాట్లాడుతున్నది నాయుడుపేట నుంచి. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. హైవే మీద దక్షిణంగా వెళ్తే దొరవారిసత్రం, తర్వాత సూళ్లూరుపేట. అక్కడ ఎడమకి తిరిగి, పులికాట్ మీద వేసిన రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోట. కాబట్టి రాకెట్ వెళ్తుందంటే మాకు టీవీ అక్కర్లేదు, మిద్దె ఎక్కితే చాలు.

ఈ రోజు మాట్లాడుకోబోయేది మాత్రం రాకెట్ గురించి కాదు. అందులో వెళ్లే మనిషిని ఏమని పిలవాలి అన్నదాని గురించి.

2025 జూన్ 25న శుభాంశు శుక్లా యాక్సియం-4 మిషన్‌లో బయల్దేరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. 1984లో రాకేశ్ శర్మ వెళ్లొచ్చాక, మళ్లీ మన దేశం తరఫున ఒక మనిషి అంతరిక్షంలోకి వెళ్లడం అదే. ఆ రోజుల్లో మీ ఫోన్‌లో వచ్చిన వార్తలు గుర్తు తెచ్చుకోండి. ఒకచోట ఆస్ట్రోనాట్. ఒకచోట వ్యోమగామి. ఇంకోచోట అంతరిక్ష యాత్రికుడు, రోదసి యాత్రికుడు. ఇస్రో వాళ్లేమో గగనయాత్రి అన్నారు. మనిషి ఒక్కడే, పేర్లు ఇన్ని.

అన్నీ ఒకటేలే అనిపిస్తుంది. కాదండి. ఒక్కో మాట ఆ మనిషిని ఒక్కోలా చూస్తోంది. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందు ఆస్ట్రోనాట్.

1927 డిసెంబర్ 26. పారిస్. అప్పటికి అంతరిక్షంలోకి మనిషి కాదు కదా, చిన్న ఇనుప ముక్క కూడా వెళ్లలేదు. కానీ వెళ్లగలం అని నమ్మే కొద్దిమంది ఆ రోజు కూర్చుని ఒక బహుమతి గురించి మాట్లాడుకుంటున్నారు. గ్రహాల మధ్య ప్రయాణం మీద మంచి పరిశోధన చేసినవాళ్లకి ఇవ్వడానికి. విమానాల ఇంజనీరు రాబర్ట్ ఎస్నో-పెల్టెరీ, ఆయన స్నేహితుడు ఆంద్రే హిర్ష్ డబ్బు పెడుతున్నారు. అంతా బాగానే ఉంది కానీ, ఈ కొత్త శాస్త్రానికి పేరేంటి? అక్కడే ఉన్న జె.ఎచ్. రోనీ అనే నవలా రచయిత ఒక మాట అందించాడు: ఆస్ట్రోనాటిక్. అప్పటికే గాల్లో ప్రయాణానికి ఏరోనాటిక్స్ అనే మాట ఉంది. దాని పోలికలో ఇది పుట్టింది. శాస్త్రానికి పేరు పెట్టింది శాస్త్రవేత్త కాదు, కథలు రాసుకునే మనిషి!

గ్రీకులో ఆస్ట్రాన్ అంటే నక్షత్రం, నౌతెస్ అంటే నావికుడు. అంటే నక్షత్రాల దాకా ఓడ నడిపేవాడు. నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా ఏ ఆస్ట్రోనాట్ కూడా నక్షత్రం దాకా వెళ్లలేదు. సూర్యుణ్ని పక్కన పెడితే, మనకి దగ్గర నక్షత్రం చేరడానికి వెలుగుకే నాలుగేళ్ల పైన పడుతుంది. పేరు మాత్రం ముందే పెట్టేసుకున్నారు.

ఇప్పుడు అసలు సరదా చూడండి. గ్రీకులో ఓడని నౌస్ అంటారు. సంస్కృతంలో నౌ. మనం నావ, నౌక, నావికుడు అంటున్నాం కదా, అవన్నీ అక్కడివే. గ్రీకు నౌస్, మన నావ ఒకే కుటుంబం. లాటిన్‌లో అదే నావిస్ అయింది, అందులోంచి ఇంగ్లిష్ నేవీ వచ్చింది. నాసియా అంటారు చూడండి, వాంతి వచ్చేలా కడుపులో తిప్పడం. అది కూడా ఈ ఓడలోంచి దిగిందే, మొదట్లో దాని అర్థం ఓడెక్కితే తిప్పే తిప్పు. అంతరిక్షానికి వెళ్లిన చాలామందికి మొదటి రెండు మూడు రోజులు ఇదే బాధ! ఇక ఆస్ట్రాన్, స్టార్, మన తార, ఇవీ చుట్టాలే. అంటే ఆస్ట్రోనాట్ అనే మాటని రెండుగా విరిస్తే తార, నావ. ఇంగ్లిష్ మాట అనుకుని దూరం పెట్టక్కర్లేదు, అది మనకి వేలు విడిచిన మేనమామ.

తర్వాత కాస్మొనాట్. 1930లలో పారిస్‌లో పనిచేస్తున్న ఆరీ స్టెర్న్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త కాస్మొనాటిక్స్ అనే మాట వాడాడు. ఆయన తర్వాత సోవియట్ యూనియన్‌కి వెళ్లిపోయాడు. గ్రీకులో కాస్మోస్ అంటే విశ్వం. ఆ మాటకి మొదటి అర్థం క్రమం, తీర్చిదిద్దిన అందం. మీ ఇంట్లో అద్దం ముందు ఉండే కాస్మెటిక్స్ కూడా అందులోంచి వచ్చిందే!

1959 ఏప్రిల్ 9న అమెరికా తన మొదటి ఏడుగురిని ఆస్ట్రోనాట్లు అని ప్రపంచానికి చూపించింది. 1961 ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్ యూరీ గగారిన్‌ని పైకి పంపి కాస్మొనాట్ అంది. చేసే పని ఒకటే, పేర్లు రెండు. ఎందుకంటే పేరు వింటేనే ఏ దేశమో తెలియాలి. అలా ఆ చివరి ముక్క, నాట్, ఒక బ్రాండ్ అయిపోయింది. చైనా వాళ్లకి టైకొనాట్ అని తగిలించారు. మనకి కొందరు వ్యోమనాట్ అని తగిలించారు. సగం సంస్కృతం, సగం గ్రీకు. అదేమీ పెద్దగా అతకలేదు.

అన్నట్టు, గగారిన్‌కీ మన గగనానికీ సంబంధం ఉందా అని చాలామందికి అనుమానం. లేదు. రష్యన్‌లో గగారా అంటే ఒక నీటిపక్షి. ఆ ఇంటిపేరు అందులోంచి వచ్చింది. ఈ పక్షిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

ఇప్పుడు మన మాటలకి వద్దాం.

అంతరిక్షం. ఇది వేదాల నాటి మాట. కింద భూమి, పైన ద్యులోకం, ఈ రెండింటి నడుమ ఉన్నది అంతరిక్షం. అంతర్ అంటే నడుమ, లోపల. మబ్బులు తిరిగేది, గాలి వీచేది, పక్షులు ఎగిరేది అక్కడే. అంటే ఆ పాత అర్థంలో చూస్తే, దొరవారిసత్రం పక్కన నేలపట్టు చెరువు మీద ఎగిరే గూడబాతులు, అదేనండి పెలికాన్లు, రోజూ అంతరిక్షయానం చేస్తున్నట్టే లెక్క. ఇప్పుడు మనం ఆ మాటని గాలి కూడా లేని చోటుకి జరిపాం. మాట అదే, ఎత్తు మారింది.

రోదసి. ఇది ఇంకా చిత్రం. సంస్కృతంలో రోదసీ అంటే ఆకాశం, భూమి, రెండూ కలిపి. ద్వివచనం. తెలుగులో ద్వివచనం లేదు కదా, అందుకని మన దగ్గరికొచ్చేసరికి అది ఒక్కటైపోయింది. అందులోంచి భూమి జారిపోయి, పైనున్న ఖాళీ ఒక్కటే మిగిలింది. తెలుగు పేపర్ చదివేవాళ్లకి రోదసి అంటే స్పేస్, అంతే.

వ్యోమ. నాసదీయ సూక్తం అని ఋగ్వేదంలో సృష్టి గురించిన సూక్తం ఉంది. అందులో నడిమి లోకం వేరు, దానికి ఆవల ఉన్న వ్యోమ వేరు. అంటే మబ్బులకి కూడా అవతల. ఆ లెక్కన 400 కిలోమీటర్ల పైన తిరిగే మనిషికి అంతరిక్షం కన్నా వ్యోమే సరిగ్గా సరిపోతుంది. తర్వాత తర్వాత ఈ తేడాలు చెరిగిపోయాయి. అమరకోశంలో వ్యోమవర్గం అని ఒక భాగం ఉంది, ఆకాశానికి ఉన్న పేర్లన్నీ అందులో వరసగా ఉంటాయి. వ్యోమ, అంతరిక్షం, గగనం, నభస్సు, ఖం, ఆకాశం, అన్నీ ఒకే బుట్టలో.

అచ్చ తెలుగు లేదా అంటే, ఉంది. మిన్ను, విన్ను, నింగి. వినువీధి అంటాం చూడండి, ఆకాశంలో వీధి. ఇక్కడి నుంచి కొంచెం దిగువకి వెళ్తే తమిళనాడు. అక్కడ ఆకాశాన్ని విణ్ అంటారు, స్పేస్‌ని విణ్‌వెళి అంటారు. మన విన్ను, వాళ్ల విణ్ ఒకటే. వాళ్లు సొంత మాటతో స్పేస్‌కి పేరు పెట్టుకున్నారు. మనం మిన్నుని సంబరాలు మిన్నంటడానికి ఉంచుకుని, స్పేస్‌కి సంస్కృతం తీసుకున్నాం. తప్పని కాదు, తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నా.

సరే, ఇదంతా మాటలో మొదటి సగం. నక్షత్రమా, విశ్వమా, వ్యోమమా, గగనమా అన్నది. అసలు సంగతి రెండో సగంలో ఉంది. అది ఆ మనిషి అక్కడ ఏం చేస్తున్నాడో చెబుతుంది.

నాట్ అంటే నావికుడు. అంటే నడిపేవాడు. ఓడ అతని చేతిలో ఉంది. గొప్ప మాటే. మనం ఆ ఓడని వదిలేశామా అంటే లేదు, మనిషి పేరులోంచి తీసి బండి పేరులో పెట్టాం. వ్యోమనౌక అంటాం కదా, అదీ.

గామి అంటే వెళ్లే మనిషి. పురోగామి అంటే ముందుకు వెళ్లేవాడు, అనుగామి అంటే వెనక వెళ్లేవాడు. 2024లో విశ్వక్ సేన్ సినిమా గామి వచ్చింది, గుర్తుందా? అదే మాట. గమ్ అనే ధాతువు, అంటే వెళ్లడం. నడిపాడా, కూర్చున్నాడా అని అడగదు ఈ మాట. వెళ్లాడా లేదా అన్నదే దీనికి ముఖ్యం. ఆడ, మగ అని కూడా అడగదు. నావికుడు అంటే మగవాడే కళ్ల ముందుకొస్తాడు. వ్యోమగామి కల్పనా చావ్లా, వ్యోమగామి రాకేశ్ శర్మ, రెండూ నోటికి హాయిగా ఉన్నాయి.

మన పక్షిని ఇప్పుడు పిలుద్దాం. పక్షికి సంస్కృతంలో ఖగం అని పేరు. ఖ అంటే ఆకాశం, గ అంటే వెళ్లేది. వ్యోమ అంటే ఆకాశం, గామి అంటే వెళ్లేవాడు. రెండు మాటలూ అచ్చంగా ఒకటే! నేలపట్టు గూడబాతు, శుభాంశు శుక్లా, మాట ప్రకారం ఇద్దరూ ఒకే ఉద్యోగం.

ఇక యాత్రి. గగన్‌యాన్‌లో ఉన్న యానం, యాత్ర, మన బస్టాండులో రోజూ వినే ప్రయాణం, ప్రయాణికులు, అన్నింటికీ యా అనే ధాతువే మూలం. అర్థం వెళ్లడమే. కానీ తెలుగులో యాత్ర అంటే ఊరికే వెళ్లడం కాదు. వెళ్లి, చూసి, తిరిగి ఇంటికి రావాలి. వచ్చి చెప్పాలి. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో మద్రాసులో బయల్దేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. దారిలో చూసిందంతా రాశారు. అదే కాశీయాత్ర చరిత్ర. తిరిగి రాకపోయి ఉంటే ఆ పుస్తకానికి ముగింపు ఎక్కడిది?

ఆ రోజుల్లో ఒక సామెత ఉండేది, ఇప్పటికీ పెద్దవాళ్లు అంటుంటారు. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని. అంటే వెళ్లినవాడు వస్తాడన్న నమ్మకం లేదు. ఇంట్లోవాళ్లు గుండె రాయి చేసుకుని సాగనంపేవాళ్లు.

అంతరిక్షం విషయంలో మనం ఇప్పటికీ ఆ రోజుల్లోనే ఉన్నాం. పైకి వెళ్లడమే మనకి కనిపిస్తుంది. మంట, పొగ, చప్పుడు, చప్పట్లు, అన్నీ వెళ్లేటప్పుడే. కానీ కల్పనా చావ్లా విషయం తలుచుకోండి. 1997లో మొదటిసారి వెళ్లి క్షేమంగా వచ్చారు. రెండోసారి, 2003లో, కొలంబియాలో బయల్దేరినప్పుడు నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. పైన 16 రోజులు పని బాగా జరిగింది. ఫిబ్రవరి 1న, ఇంకో 16 నిమిషాల్లో నేల మీద దిగుతారనగా, ఆ దెబ్బ తగిలిన చోటు నుంచి వేడి లోపలికి దూరి నౌక ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు. వాళ్లు వెళ్లలేక పోలేదు. తిరిగి రాలేకపోయారు.

ఎందుకంత కష్టం? కక్ష్యలో తిరిగే నౌక సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మా నాయుడుపేట నుంచి నెల్లూరు దాదాపు 60 కిలోమీటర్లు, బస్సులో గంట పైనే. ఆ వేగంతో 8 సెకన్లు. దిగేటప్పుడు ఆ వేగమంతా వదిలించుకోవాలి. నౌక గాలిని గుద్దుకుంటుంది, ముందున్న గాలి నలిగి మండిపోతుంది, ఆ వేడిని కవచం ఆపాలి. చివర్లో పారాచూట్లు సమయానికి తెరుచుకోవాలి. ఒక్కటి తప్పినా యాత్ర పూర్తవదు.

అందుకే మా పక్కన శ్రీహరికోటలో జరిగిన ఒక పరీక్ష నాకు బాగా నచ్చింది. 2023 అక్టోబర్ 21. టీవీ-డీ1 అని పేరు. గగన్‌యాన్‌లో మనుషులు కూర్చునే గది నమూనాని పైకి పంపారు. ఎక్కడికో చేర్చడానికి కాదు. దారిలో ప్రమాదం వస్తే ఆ గదిని రాకెట్ నుంచి లాగేసి, మనుషుల్ని బతికించి కిందికి తేగలమా అని చూడడానికి. సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లి, పారాచూట్లతో మెల్లగా దిగి, తీరానికి 10 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. అక్కడి నుంచి దాన్ని తీసుకొచ్చింది ఎవరు? నౌకాదళం. చూశారా, మన మాటలోంచి జారిపోయిన ఆ నావికుడు చివర్లో వచ్చి చేయి అందించాడు.

గగన్‌యాన్ ప్రకటించింది 2018 ఆగస్టు 15న. 2024 ఫిబ్రవరి 27న నలుగురి పేర్లు దేశానికి చెప్పారు: ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. వీళ్లకి ఇస్రో వాడే మాట గగనయాత్రి. హీరో అనలేదు, వీరుడు అనలేదు. యాత్రి అన్నారు. నాకు ఆ మాటలో ఒక పూచీ వినిపిస్తుంది. పంపుతున్నాం, తీసుకొస్తాం అని. శుక్లా 2025 జూలై 15న కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో దిగారు. యాత్ర పూర్తయింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. టికెట్ మీద వెళ్లినవాళ్లని ఏమనాలి? 2021 జూలై 11న మన తెలుగమ్మాయి శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లారు, తన కంపెనీ పని మీద, ప్రయోగం చేయడానికి. అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే అంతరిక్షం. ఆ గీత దాటారు. 2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర బ్లూ ఆరిజిన్ నౌకలో పర్యాటకుడిగా వెళ్లి 100 కిలోమీటర్ల గీత కూడా దాటారు. వీళ్లు ఆస్ట్రోనాట్లేనా అని ఇంగ్లిష్‌లో పెద్ద గొడవే జరుగుతుంటుంది. ఎందుకంటే నాట్ అన్నాక నువ్వు ఓడ నడిపావా అని అడుగుతారు. తెలుగులో ఆ గొడవ లేదు. వెళ్లారు కాబట్టి వ్యోమగాములు. వెళ్లొచ్చారు కాబట్టి యాత్రికులు. ఏళ్ల తరబడి శిక్షణ తీసుకుని, నెలల తరబడి పైన పనిచేసిన వాళ్ల గొప్పతనం ఎక్కువే. అది వాళ్ల పనిలో తెలుస్తుంది, దానికి వేరే పేరు కావాలని నేననుకోను.

మరి నువ్వు ఏ మాట వాడతావు అంటే, నా లెక్క ఇది. రోజూ మాట్లాడేటప్పుడు వ్యోమగామి. తెలుగు నోటికి అలవాటైన మాట, అందరికీ సరిపోతుంది. గగన్‌యాన్‌లో వెళ్లేవాళ్లకి గగనయాత్రి. యానం, యాత్రి రెండూ ఒకే ధాతువు, జత కుదిరింది. ఆస్ట్రోనాట్ అన్నా నష్టం లేదు, అందులో మన నావ ఉందని తెలుసుకుని అనండి, చాలు.

గామిలో తిరిగి రావడం లేదు కదా అని మీరు అడగొచ్చు. ఉంది. సంస్కృతంలో గమనం అంటే వెళ్లడం, ముందు ఆ అని చిన్న అక్షరం చేరిస్తే ఆగమనం, అంటే రావడం. వినాయకచవితి పూజ చివర పునరాగమనం అని వింటాం కదా, మళ్లీ రమ్మని. ఇంకో విచిత్రం, ఆ గమ్ ధాతువూ, ఇంగ్లిష్‌లో రమ్మని చెప్పే కమ్ అనే మాటా ఒకే మూలం లోంచి వచ్చినవే. అదే మాట ఒకచోట వెళ్లడం అయింది, ఇంకోచోట రావడం అయింది.

రేపు శ్రీహరికోట నుంచి మన మనుషులతో మన రాకెట్ లేస్తుంది. ఆ రోజు ఈ చుట్టుపక్కల ఊళ్లలో మిద్దెల మీద చోటు దొరకదు. చప్పట్లు కొడదాం, వీడియోలు తీద్దాం. కానీ వీడియో తీసి ఫోన్ జేబులో పెట్టేయకండి. వాళ్లు సముద్రంలో దిగి, ఆ గది తలుపు తెరుచుకునే దాకా ఆగండి. అప్పుడు స్టేటస్ పెట్టండి: యాత్ర పూర్తయింది అని.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.